హౌస్ ఆఫ్ ద డ్రాగన్ మొదటి ఎపిసోడ్: రెనీరాను మాత్రం ఎవరడిగారు?

ప్రొద్దుటూరు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. "హౌస్ ఆఫ్ ద డ్రాగన్ మొదటి ఎపిసోడ్ అమ్మతో కలిసి చూడటం మొదలుపెట్టాను. ప్రసవం సీన్ దగ్గర అమ్మ లేచి వెళ్లిపోయింది. నేను చివరిదాకా చూశాను కానీ పేర్లన్నీ కలగాపులగం అయిపోయాయి. ఆ సీన్ అంత ఘోరంగా చూపించాలా? అంతమంది ప్రభువులు మోకరిల్లి ప్రమాణం చేశాక మళ్లీ గొడవ ఎందుకు వస్తుంది? గేమ్ ఆఫ్ థ్రోన్స్ చూడకుండా ఇది చూడొచ్చా?"

నేను కడపలో డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ సిరీస్‌కు ఆధారమైన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ పుస్తకం 'ఫైర్ అండ్ బ్లడ్' (2018) చదివాను. రాజ్యాలు చేతులు మారేటప్పుడు ఇళ్లల్లో ఏం జరుగుతుందన్నది నాకు మొదటి నుంచీ ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. రెండో ఎపిసోడ్ నుంచి జరిగే కథ మాత్రం బయటపెట్టను.

చివరి ప్రశ్నకు జవాబు చిన్నది. చూడొచ్చు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ 2011 నుంచి 2019 వరకు వచ్చింది. ఈ కథ అందులోని డెనేరిస్ పుట్టడానికి 172 ఏళ్ల ముందు జరుగుతుంది. ఆ కథలోని మనుషులెవరూ ఇందులో ఉండరు, అది తెలియకపోయినా ఇది అర్థమవుతుంది. ఇంకా చెప్పాలంటే, ఆ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో నాలుగైదు చోట్లకు, నాలుగైదు కుటుంబాల దగ్గరికి తిరగాల్సి వచ్చేది. ఇక్కడ దాదాపు అంతా ఒకే ఇంటి కథ.

పేర్ల సంగతి. ఇంగ్లిష్‌లో అందరూ 'కజిన్', 'అంకుల్' కాబట్టి తికమకగా ఉంటుంది. మన వరసల్లో పెట్టి చూడండి, ఒక్కసారిగా విడిపోతుంది. ముసలిరాజు జేహేరిస్. ఆయన పెద్దకొడుకు కూతురు రేనిస్, చిన్నకొడుకు కొడుకులు విసెరిస్, డేమన్. కొడుకులిద్దరూ తండ్రి కంటే ముందే పోయారు. కాబట్టి విసెరిస్‌కు రేనిస్ పెద్దనాయన కూతురు, అక్క. ఆమె మొగుడు కార్లిస్ వెలారియన్, ఓడలున్న మహా సంపన్నుడు, విసెరిస్‌కు బావ. విసెరిస్ కూతురు రెనీరా. డేమన్ ఆమెకు చిన్నాయన, రేనిస్ మేనత్త వరస. రాజుగారి ప్రధాన మంత్రి ఓటో హైటవర్, ఆయన కూతురు ఆలిసెంట్, రెనీరాకు ప్రాణస్నేహితురాలు. ఈ వరసలు మనసులో పెట్టుకుని మళ్లీ మొదటి అయిదు నిమిషాలు చూడండి. అక్కడే అసలు కథ ఉంది.

ఆ అయిదు నిమిషాల్లో ఏం జరుగుతుంది? హారెన్‌హాల్ కోటలో పెద్ద సభ. వారసత్వం మాదంటూ 14 మంది వచ్చారు, కానీ నిజంగా లెక్కలోకి తీసుకున్నది ఇద్దరినే. పెద్దకొడుకు బిడ్డ రేనిస్, చిన్నకొడుకు బిడ్డ విసెరిస్. వయసులోనూ శాఖలోనూ రేనిస్‌దే పెద్దరికం. సభ విసెరిస్‌ను ఎన్నుకుంది. ఆమె మొహం ఒక్క క్షణం చూపిస్తారు. ఏడవదు, కోప్పడదు. ఇలాగే అవుతుందని ముందే తెలిసిన మనిషి మొహం అది. ముసలిరాజు ఈ సభ పెట్టింది యుద్ధం రాకూడదని. యుద్ధం రాలేదు. కానీ ఆ రోజు ఒక తీర్పు రాసిపెట్టినట్టయింది: మగపిల్లవాడుంటే ఆడబిడ్డ హక్కు చెల్లదు. విసెరిస్ సింహాసనం ఎక్కింది ఆ తీర్పు మీదే. అదే విసెరిస్ ఎపిసోడ్ ఆఖర్లో తన కూతుర్ని వారసురాలిగా ప్రకటిస్తాడు. అంటే తన కాళ్ల కింది మెట్టును తానే తీసేశాడు. ప్రమాణం చేసిన ప్రభువులందరికీ ఇది తెలుసు. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. మిగతా సగానికి తర్వాత వస్తాను.

ఇప్పుడు ప్రసవం సీన్. అది చూడలేక మీ అమ్మగారు లేచి వెళ్లారంటే అందులో తప్పు పట్టేదేమీ లేదు. నలుగురు పిల్లల్ని కన్న నా భార్య కూడా ఆ సీన్ నడుస్తున్నంతసేపూ మొహం పక్కకు తిప్పుకునే కూర్చుంది. అయినా ఆ సీన్ ఉండాల్సిందే అంటాను.

దానికి ముందు రాణి ఏమ్మా స్నానాల తొట్టిలో కూర్చుని భర్తతో మాట్లాడే సన్నివేశం ఉంది, గుర్తుందా? పదేళ్లలో అయిదుగురు బిడ్డలు పోయారని లెక్క చెబుతుంది. ఊయలలో ఒకరు, చచ్చిపుట్టినవాళ్లు ఇద్దరు, నెలలు నిండకుండానే పోయినవి రెండు. ఇదే ఆఖరు, ఇంక నావల్ల కాదు అంటుంది. భర్త వింటాడు. ప్రేమగానే వింటాడు. కానీ కొడుకు కిరీటం పెట్టుకున్నట్టు తనకు కల వచ్చిందన్న నమ్మకం అతని తలలోంచి పోదు. పుట్టబోయేది కొడుకేనని ముందే టోర్నమెంట్ పెట్టి దేశం నలుమూలల నుంచీ జనాన్ని పిలిచాడు.

నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఎదురుకాళ్ల మీద ఉందని తెలుస్తుంది. వైద్యుడు రాజును పక్కకు పిలిచి, ఇద్దరినీ కాపాడలేకపోవచ్చు, కోసి బిడ్డను తీసే అవకాశం ఉంది అంటాడు. రాజు ఒప్పుకుంటాడు. తర్వాత ఏం చేస్తాడో జాగ్రత్తగా చూడండి. భార్య తలవైపు కూర్చుంటాడు, చెయ్యి పట్టుకుంటాడు, బిడ్డను బయటికి తీస్తారని మాత్రం చెబుతాడు. ఎలా తీస్తారో చెప్పడు. దుప్పటి లాగి, కాళ్లు పట్టి, ఆమెను కిందికి జరుపుతున్నప్పుడు గానీ ఆమెకు అర్థం కాదు. ఏం జరుగుతోంది అని అడుగుతుంది, భయంగా ఉంది అంటుంది, వద్దు అంటుంది. ఆ చెయ్యి మాత్రం అతను వదలడు.

ఆ సీన్‌లో అసలు ఘోరం ఆ దాపరికమే. రక్తం దాని తర్వాతే. మన ఇళ్లల్లో కాన్పు కష్టమైతే ముసలివాళ్లు దేవుడికి దండం పెట్టి ముందు పెద్దప్రాణం దక్కనీ అంటారు. పెద్దప్రాణం అంటే తల్లి. బిడ్డ మళ్లీ పుడుతుంది, తల్లి మళ్లీ రాదు అన్నది చదువు లేని జేజికి కూడా తెలిసిన లెక్క. విసెరిస్ చెడ్డవాడు కాదు. భార్యను ప్రేమించాడు, ఆమె కోసం ఏడ్చాడు. కానీ కొడుకు కోసం ఆ లెక్కను తిరగేశాడు, అది కూడా ఆమెను అడగకుండా. ఆ బిడ్డ బేలన్ రోజు కూడా నిండకుండానే పోయాడు. ఇక మిగిలిన జీవితమంతా ఈ మనిషి ఏ నిర్ణయం తీసుకున్నా దాని వెనక ఈ గది ఉంటుంది. ఈ సీన్‌ను తలుపు అవతల నుంచి ఒక కేకతో ముగించి ఉంటే ఆ సంగతి మనకు తెలిసేది, కానీ మనసుకు ఎక్కేది కాదు.

ఈ సీన్‌తో పాటు టోర్నమెంట్‌లో వీరులు ఒకర్నొకరు కొట్టుకోవడాన్ని కలిపి ఎడిట్ చేశారు. అంతకుముందు ఒక సన్నివేశంలో ఏమ్మా కూతురితో కాన్పుమంచమే మన యుద్ధభూమి అంటుంది కదా, ఆ మాటను బొమ్మగా చూపించాలని వాళ్ల ఉద్దేశం. ఆలోచన మంచిదే. కానీ తల పగలడం, మొహం నుజ్జు కావడం అన్నిసార్లు చూపించడం అనవసరం. కాన్పుగది పక్కన ఆ హింస నిలవదు, అక్కడి నిశ్శబ్దం బరువును తగ్గిస్తుంది కూడా. ఎపిసోడ్ దర్శకుడు మిగెల్ సపోచ్నిక్ గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో పెద్ద పెద్ద యుద్ధాలు తీసిన మనిషి. ఆ చెయ్యి ఇక్కడ కొంచెం ఎక్కువే ఆడింది. అలాగే డేమన్ బంగారు అంగీల సైన్యంతో రాత్రి నగరం మీద పడి దొంగల చేతులు నరికించే సీన్. అతనెలాంటివాడో చెప్పడానికి దానిలో సగం చాలు.

డేమన్ స్వభావం నిజానికి టోర్నమెంట్‌లోనే ఒక చిన్న విషయంలో బయటపడుతుంది. ఎంతమంది గమనించారో తెలియదు. బరిలోకి దిగగానే అతను ఓటో హైటవర్ కొడుకును ఎంచుకుంటాడు, గుర్రం కాళ్లకు ఈటె అడ్డుపెట్టి పడేస్తాడు. వెంటనే వెళ్లి అదే ఓటో కూతురు ఆలిసెంట్‌ను తన ఈటెకు దండ వెయ్యమని అడుగుతాడు. కొడుకును మట్టి కరిపించి కూతురి దీవెన అడగడం! ఓటో మొహం చూడండి. తమ్ముడు గద్దె ఎక్కకూడదని ఓటో రాజు దగ్గర అంత పట్టుబట్టడానికి రాజనీతి ఒక్కటే కారణం కాదని అక్కడ తెలిసిపోతుంది. తర్వాత డేమన్‌ను క్రిస్టన్ కోల్ అనే ఊరూపేరూ లేని యోధుడు ఓడిస్తాడు, రెనీరా చేత్తో దండ వేయించుకుంటాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

చితి సీన్ గురించి రాయకుండా ఉండలేను. కొండ మీద గడ్డిలో తల్లి శవం, పక్కనే గుడ్డలో చుట్టిన చిన్న మూట. అందరూ నిలబడి ఉన్నారు, ఎవరూ కదలరు. టార్గేరియన్ల, అంటే ఈ రాజవంశం వాళ్ల, ఆచారం ప్రకారం డ్రాగన్ మంటతో దహనం చెయ్యాలి, ఆజ్ఞ ఇవ్వాల్సింది రెనీరా. డేమన్ పక్కకొచ్చి వాళ్ల వలీరియన్ భాషలో, నీ కోసమే చూస్తున్నారు అంటాడు. తమ్ముడు బతికిన ఆ కొన్ని గంటలైనా నాన్న సంతోషపడ్డాడో లేదో అంటుంది ఆ పిల్ల. మీ నాయనకు ఇప్పుడు నీ అవసరం ఎప్పటికంటే ఎక్కువ అని డేమన్ అంటే, నేనెప్పటికీ కొడుకును కాలేను అంటుంది. తర్వాత ఒకే ఒక్క మాట, "డ్రాకారిస్". ఆమె డ్రాగన్ సైరాక్స్ చితి అంటిస్తుంది. తలకొరివి పెట్టడానికి కొడుకే ఉండాలనుకునే మన వాళ్లు ఈ సీన్ చూస్తే ఏ వివరణా అక్కర్లేదు. రెనీరాగా వేసిన మిల్లీ ఆల్కాక్ ఇక్కడ కళ్లతోనే నటించింది. ఎపిసోడ్ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన నిమిషాలు ఇవే. ఇంకో మాట, ఆ క్షణంలో ఆమె పక్కన నిలబడింది తండ్రి కాదు, చిన్నాయన. అది ఊరికే పెట్టింది కాదు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోతుంది. చితి ఆరకముందే మంత్రులు వారసుడెవరని చర్చ మొదలుపెడతారు, రాజు మండిపడి లేచిపోతాడు. డేమన్ వేశ్యావాటికలో తాగి, పోయిన బిడ్డను 'ఒక్కరోజు వారసుడు' అన్నాడని కబురు వస్తుంది. రాజు తమ్ముణ్ణి పిలిపించి, నీ పెళ్లాం దగ్గరికి పో అని రాజధాని నుంచి గెంటేస్తాడు. ఆ మాటలయ్యాక సింహాసనం కత్తి అంచు అతని చేతినే కోస్తుంది. అప్పుడు కూతురికి వారసత్వం ఇస్తాడు.

ఈ వరుస గమనించారా? కూతురికి అర్హత ఉందని ముందు అనుకుని, తర్వాత తమ్ముణ్ణి పక్కన పెట్టలేదు. తమ్ముడి మీద కోపం ముందు, కూతురు తర్వాత. మొన్నటిదాకా ఆ పిల్ల మంత్రుల సభలో గిన్నెల్లో సారా పోస్తూ నిలబడింది, ఆమె మాట ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు బలేరియన్ అనే పాతకాలపు డ్రాగన్ పుర్రె ముందు దీపాల మధ్య నిలబెట్టి, నువ్వే వారసురాలివి అంటాడు. డ్రాగన్లు మన అదుపులో ఉన్నాయనుకోవడం భ్రమ అంటాడు. ఈ వంశంలో మొదటి రాజు ఏగన్ కన్న కల అని తరతరాల రహస్యం ఒకటి చెబుతాడు, మోయమంటాడు. నీకు ఇష్టమేనా అని ఒక్కసారైనా అడగడు. సభ రేనిస్‌ను పక్కన పెట్టింది, రాజు ఏమ్మాకు చెప్పకుండా కోయించాడు. రెనీరాకు కిరీటం ఇచ్చారు కాబట్టి అది న్యాయంలా కనిపిస్తుంది గానీ, జరిగిన తీరు అదే.

నాలుగో ఆడపిల్ల ఆలిసెంట్. చాలామంది ఆమెను మొదటి ఎపిసోడ్‌లో లెక్కలోకే తీసుకోరు. తండ్రి గదిలోకి వస్తాడు, ఆమె గోళ్ల పక్క చర్మం పీక్కుంటూ ఉంటుంది. రాజు ఒంటరిగా ఉన్నాడు, వెళ్లి పలకరించు, మీ అమ్మ గౌను ఏదైనా వేసుకో అంటాడు. ఒక్క చెడ్డమాట లేదు. కానీ పదిహేనేళ్ల పిల్లకు, భార్య పోయి దుఃఖంలో ఉన్న రాజు దగ్గరికి వెళ్తూ అమ్మ బట్టలు వేసుకోమని తండ్రి చెప్పడంలో ఏముందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆమె వెళ్లి రాజుకు పుస్తకం ఇస్తుంది. మా అమ్మ పోయినప్పుడు అందరూ చుట్టు తిప్పి మాట్లాడారే గానీ బాధగా ఉందమ్మా అని ఎవరూ అనలేదు అంటుంది. ఆ మాట నిజంగా మనసులోంచి వచ్చినదే, పంపిన తండ్రి ఉద్దేశం వేరు. ఈ రెండూ ఒకే గదిలో ఉండటమే ఈ రచన బలం.

ఇక ప్రమాణం. అంతమంది ప్రభువులు మోకరిల్లాక గొడవెందుకు?

మార్టిన్ ఈ కథకు ఇంగ్లండ్ చరిత్రలోని ఒక ఘట్టం నుంచి ప్రేరణ పొందాడు. రాజు మొదటి హెన్రీకి ఉన్న ఒక్క ధర్మపత్నీ పుత్రుడు విలియం 1120లో వైట్ షిప్ అనే ఓడ మునిగి చనిపోయాడు. మిగిలింది కూతురు మటిల్డా. హెన్రీ తన సామంతులందరి చేతా ఆమెకు ప్రమాణం చేయించాడు. 1135లో అతను చనిపోయాడు. అదే డిసెంబరు నెలలో, ప్రమాణం చేసినవాళ్లలో ఒకడైన మేనల్లుడు స్టీఫెన్ వెళ్లి కిరీటం పెట్టుకున్నాడు. ఆ తర్వాత దాదాపు 18 ఏళ్లు ఇంగ్లండ్ తగలబడింది.

అంత దూరం ఎందుకు, మన కడప నుంచే చూద్దాం. పుష్పగిరి ఉన్న వల్లూరు మీకు తెలిసే ఉంటుంది. కాకతీయుల కాలంలో అది కాయస్థ సామంతుల రాజధాని. గణపతిదేవుడు కొడుకులు లేక కూతురు రుద్రమను వారసురాలిని చేశాడు. ఊరికే పేరు ప్రకటించి వదిలెయ్యలేదు. తాను బతికుండగానే తనతో కలిసి పాలించేలా చేశాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో కనిపిస్తుంది. అంత చేసినా, మొదట కాకతీయులకు నమ్మకంగా ఉన్న ఆ కాయస్థ వంశం నుంచే అంబదేవుడు తిరగబడ్డాడు, ఇక్కడ స్వతంత్రంగా పాలించాడు. రుద్రమ మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది. అంబదేవుడి మీద జరిగిన యుద్ధంలోనే ఆమె చనిపోయి ఉంటుందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మనవడు ప్రతాపరుద్రుడు వచ్చాక గానీ అతణ్ణి అణచలేకపోయారు.

గణపతిదేవుడు అంత పునాది వేస్తేనే పరిస్థితి అది. విసెరిస్ ఏం చేశాడు? సింహాసనం ముందు నిలబెట్టి ప్రమాణాలు చేయించాడు, అంతే. ఆ మోకాళ్లు వంగింది రాజు బతికున్నాడు కాబట్టి. కార్లిస్ మోకరిల్లుతున్నప్పుడు అతని మొహం చూడండి. తన భార్యకు దక్కనిది ఈ పిల్లకు దక్కుతోంది. ఆ మనిషి మనసులో ఏముంటుంది? పైగా రాజుకు వయసు అయిపోలేదు, మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు, కొడుకు పుట్టొచ్చు. అప్పుడు హారెన్‌హాల్ తీర్పు గొప్పదా, ఈ రోజు ప్రమాణం గొప్పదా? ఈ ప్రశ్న ఆ సభలో నిలబడ్డ ప్రతి మనిషి బుర్రలోనూ ఉంది. విసెరిస్ ఒక్కడి బుర్రలో లేదు. ఉన్నా దాన్ని చూడటానికి ఇష్టపడలేదు.

కాబట్టి చూడటం ఆపొద్దు. అమ్మతో కలిసి మళ్లీ మొదలుపెట్టేటట్లయితే డేమన్ రాత్రి గస్తీ, వేశ్యావాటిక సీన్లు దాటించెయ్యండి, కథకు ఏ లోటూ రాదు. కాన్పు సీన్ ఆమె చూడలేకపోతే బలవంతం వద్దు, ఏం జరిగిందో నోటితో చెప్పి చితి దగ్గర నుంచి చూపించండి. నాలుగో ఎపిసోడ్ మాత్రం మీరు ఒక్కరే ముందు చూసి, తర్వాత అమ్మతో చూడాలా వద్దా అన్నది తేల్చుకోండి.

ఇంకో రెండు సంగతులు తెలిస్తే తికమక ఉండదు. రెండో ఎపిసోడ్ మొదలయ్యేసరికి ఆరు నెలలు గడిచి ఉంటాయి, ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు, మాటల్లోనే పట్టుకోవాలి. ఆరో ఎపిసోడ్‌కు పదేళ్లు ఒక్కసారిగా దాటిపోతాయి. అక్కడి నుంచి రెనీరాగా ఎమ్మా డార్సీ, ఆలిసెంట్‌గా ఒలీవియా కుక్ కనిపిస్తారు. మనుషులు మారారని కంగారు పడకండి, మొదట్లో కథ చెబుతూ మీకు వినిపించిన గొంతు ఆ ఎమ్మా డార్సీదే.